ముందు వీసా ఏందో చెప్పు

దుబాయిలో నా ఉద్యోగానికి కంపెనీ కాగితాల్లో పీఆర్వో అని పేరు. కార్మికులుండే క్యాంపులో మందూబ్ అంటేనే తెలుస్తుంది. కొత్తగా దిగిన కార్మికుడికి మెడికల్ చేయించడం, ఎమిరేట్స్ ఐడీకి వేలిముద్రలు ఇప్పించడం, వీసా రెన్యువల్, వీసా క్యాన్సిల్, ఇలా టైపింగ్ సెంటర్‌కీ ఇమిగ్రేషన్ ఆఫీసుకీ మధ్య తిరుగుడే పని. మా కంపెనీ భవనాల మెయింటెనెన్స్ చూస్తుంది. ఏసీ టెక్నీషియన్లు, ప్లంబర్లు, క్లీనర్లతో క్యాంపు నిండుగా ఉంటుంది. నేపాల్, బంగ్లాదేశ్ వాళ్లు ఎక్కువ. మనవాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు వాళ్లు, గోదావరి జిల్లాల వాళ్లు కొందరు. కడప, రాజంపేట వాళ్లు మాకు తక్కువ తగులుతారు, వాళ్లు పట్టేది కువైట్ దారి.

ఉద్యోగ వివరాల్లో ఎక్కడా రాయని పని ఇంకొకటుంది. వేళగాని వేళ ఫోనెత్తడం. మా కంపెనీ వాళ్లే చేస్తారనుకోకండి. ఊరివాళ్లు, ఊరివాళ్ల బావమరుదులు, ఎవరి దగ్గరో నా నంబరు సంపాదించిన ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా చేస్తారు. మందూబ్ అంటే ఇక్కడి సర్కారులో పలుకుబడి ఉన్నవాడని వాళ్ల నమ్మకం. నాకున్న పలుకుబడల్లా ఏ కౌంటర్‌లో ఏ కాగితం అడుగుతారో తెలియడమే. అయితే పరాయి దేశంలో ఆపద వచ్చినప్పుడు డబ్బున్నవాడి కంటే, నాయకుడి మనిషి కంటే ఆ కాస్త తెలివిడి ఉన్నవాడే ఎక్కువ అక్కరకొస్తాడని ఇన్నేళ్లలో నాకు రూఢి అయింది.

"అన్నా, మా బావ కింద పడిపోయిండే. మాట్లాడుతలేడు."

"అంబులెన్సుకు చేసిన్రా?"

"లేదన్నా, నీకే చేసిన."

ఇలాగే మొదలవుతుంది ఎక్కువసార్లు. ముందు 998కి చెయ్యమంటాను. అంబులెన్సు బయల్దేరిందని తేలాక నేనడిగే మాట వినేవాళ్లకు కటువుగా తోస్తుంది. "ఇప్పుడు చెప్పు, వీసా ఏంది?" మనిషి ప్రాణం మీదికొస్తే వీసా ఎందుకడుగుతున్నాడని కొందరు నొచ్చుకుంటారు కూడా. కానీ ఆ రాత్రి తర్వాత జరగబోయేదంతా ఆ జవాబును బట్టే ఉంటుంది.

కంపెనీ వీసా అయితే వెనక ఒక యజమాని ఉంటాడు. ఆరోగ్య బీమా ఉంటుంది. దుబాయిలో, అబుదాబిలో యజమాని బీమా కట్టాలన్న నియమం ముందు నుంచీ ఉంది, 2025 జనవరి 1 నుంచి మిగతా ఎమిరేట్లకూ వచ్చింది. విజిట్ వీసా అయితే చట్టం లెక్కలో అతను చుట్టపుచూపుగా వచ్చినవాడు. బిల్డింగ్ మీద నుంచి పడినా అది పనిలో జరిగిన ప్రమాదమని చెప్పించడం తల ప్రాణం తోకకు తెస్తుంది. ఇక మూడో రకం ఖల్లివల్లి. కంపెనీ వదిలేసి బయట పనిచేసుకునేవాడు. ఇతని పాస్‌పోర్టు పాత యజమాని దగ్గర ఉంటుంది, పేరు మీద పరారీ కేసు ఉంటుంది, ఫైన్ రోజురోజుకూ పెరుగుతుంటుంది.

విజిట్ వీసా మీద వచ్చిన ఒకాయన సంగతి చెబుతాను. జగిత్యాల వైపు మనిషి. నెలలో కంపెనీ వీసా అవుతుందని ఏజెంటు చెప్పి పంపాడు. ఈలోపు తెలిసినవాళ్ల రూములో ఉంటూ దొరికిన పనికి పోతున్నాడు. ఒక రాత్రి మూతి వంకరపోయింది, కుడి చెయ్యి లేవలేదు. అంబులెన్సు వెంట షుర్తా, అంటే పోలీసులు వస్తే రూములో ఉన్న ఖల్లివల్లి వాళ్లంతా దొరికిపోతారన్న భయంతో తెల్లారేదాకా ఎవరికీ చెప్పలేదు. కొబ్బరినూనె పెట్టి చెయ్యి రుద్దుతూ కూర్చున్నారు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు పడితేనే పనిచేస్తుంది. ఆ నాలుగున్నర గంటలూ రుద్దడంలోనే పోయాయి.

ఆ రూములోవాళ్లను చెడ్డవాళ్లనలేను. వాళ్ల భయం ఉత్తిది కూడా కాదు. అయినా నేను చూసినంతలో అంబులెన్సువాళ్లు పక్క మంచం మీద ఉన్నవాడి కాగితాలు అడగలేదు. వాళ్లు వచ్చేది రోగి కోసం. ఈ మాట క్యాంపు క్యాంపుకూ చెప్పినా ఇంకా చాలామందికి ఎక్కదు.

ఆస్పత్రి చేర్చుకుంది. ప్రాణం నిలిచింది. తర్వాత బిల్లు మొదలైంది. బీమా లేని మనిషి ఐసీయూలో ఉంటే రోజు గడిచేకొద్దీ ఆ అంకె చూడటానికే ధైర్యం చాలదు. ఊళ్లో భూమి అమ్ముతామని ఆయన కొడుకు ఫోను చేశాడు. నేను వద్దన్నాను. భూమి అమ్మినా ఆ బిల్లు తీరదు, తీరకముందే ఇల్లు గుల్లవుతుంది. ఇలాంటప్పుడు ఉన్న దారులు వేరు. పెద్ద సర్కారు ఆస్పత్రుల్లో సోషల్ సర్వీస్ వాళ్లుంటారు, వాళ్లను కలవాలి. భారత కాన్సులేట్ నుంచి లెటర్ తేవాలి. దానం ఇచ్చే సంస్థలకు అర్జీ పెట్టాలి. కాన్సులేట్ల చేతిలో 2009 నుంచి ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అని ఒక నిధి ఉంది. గతిలేనివాడి టికెట్‌కూ, అత్యవసర వైద్యానికీ, శవాన్ని పంపడానికీ అందులోంచి ఇవ్వొచ్చు. కానీ అది అడిగితేనే వస్తుంది. ఎవరో ఒకరు కాగితం పట్టుకుని కౌంటర్ ముందు నిలబడాలి.

ఆయన్ను స్ట్రెచర్ మీద పంపాం. విమానంలో వరసగా సీట్లు మడిచి స్ట్రెచర్ బిగిస్తారు కాబట్టి ఒక మనిషికి అన్ని సీట్ల డబ్బూ కట్టాలి. వెంట నర్సు ఉండాలి. ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నాడని డాక్టరు నింపిన ఫారాన్ని ఎయిర్‌లైన్స్ వైద్యులు ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు వచ్చిన రోజున రోగికి జ్వరమొస్తే కథ మళ్లీ మొదటికి. మూడున్నర, నాలుగు గంటల ప్రయాణానికి ఇంత తతంగం.

మా క్యాంపుల్లో ఎక్కువగా చూసేది నిద్రలో వచ్చే చావు. తెల్లవారుజామున డ్యూటీ బస్సు హారన్ కొడుతుంటే కింది మంచం మీదివాడు లేవడు. వయసు ముప్పై అయిదో, నలభయ్యో ఉంటుంది. ముందు రోజు ఛాతీలో మంటగా ఉందన్నాడనీ, గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకున్నాడనీ పక్కవాళ్లు చెబుతారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకూ ఎండలో పని చేయించకూడదన్న నియమం ఉంది, మంచిదే. కానీ రాత్రి పదింటికి కూడా వదలని ఉక్కకూ, ఇంటి అప్పు మీది దిగులుకూ, ఉప్పూ నూనె ముంచిన మెస్ తిండికీ ఏ నియమం ఉంది?

అలాంటప్పుడు మనిషిని కదిలించవద్దనీ, మొహం కడగవద్దనీ, మంచం సర్దవద్దనీ చెబుతాను. ముట్టకుండా ఉండటం మనవాళ్లకు చాలా కష్టం. 999కి చెయ్యాలి. పోలీసులు, ఫోరెన్సిక్ వాళ్లు వచ్చి చూస్తారు, శవం మార్చురీకి పోతుంది. అనుమానం లేదని తేలితే పోలీసు లెటర్లు ఇస్తారు, ఆరోగ్యశాఖ మరణ ధ్రువపత్రం ఇస్తుంది. దాన్ని తీసుకుని కాన్సులేట్‌కు పోతే మరణం నమోదు చేసి, పాస్‌పోర్టు రద్దు చేసి, శవాన్ని పంపడానికి అభ్యంతరం లేదని రాసిస్తారు. ఇమిగ్రేషన్‌లో వీసా క్యాన్సిల్ చేయించాలి. చనిపోయినవాడి వీసాను కూడా బతికున్నవాడి వీసాలాగే క్యాన్సిల్ చేయాలి. మొదటిసారి ఆ ఫారం టైప్ చేయించినప్పుడు నా నోట మాట రాలేదు. ఇప్పుడు అలవాటైంది. అలవాటైందని చెప్పుకోవడం ఏం గొప్ప కాదు.

తర్వాత కార్గో బుకింగ్, శవం చెడిపోకుండా చేసే ఎంబామింగ్. దుబాయిలో ఆ పని ముహైస్నాలో జరుగుతుంది, మనవాళ్లు సోనాపూర్ అంటారు. వేలమంది కార్మికులు ఉండే క్యాంపులూ అక్కడే. పెట్టె మూతపడేముందు రూమువాళ్లు వచ్చి చూసుకోవచ్చు. డ్యూటీ యూనిఫారంలోనే వస్తారు, అరపూట సెలవు పెట్టి. అన్నీ సవ్యంగా ఉంటే మూడు నాలుగు రోజుల్లో శవం శంషాబాద్‌లో దిగుతుంది. కేసు ఉంటే వారాలు పట్టొచ్చు. ఖల్లివల్లి అయితే పాత యజమానిని వెతికి పట్టుకునేసరికే వారం పోతుంది. ఆపదకు వారం వర్జ్యం లేదు గానీ ఆఫీసులకుంది. 2022 నుంచి ఇక్కడ సెలవు శని ఆదివారాలైంది, శుక్రవారం మధ్యాహ్నానికే సర్కారు కౌంటర్లు మూస్తారు. గురువారం రాత్రి పోయినవాడి కాగితాల వెనక నేను పెట్టే పరుగు మా ఆవిడకు బాగా తెలుసు.

ఖర్చు సంగతి. కంపెనీ వీసా మీదున్నవాడి శవాన్ని ఇంటికి చేర్చే ఖర్చు యజమానిదే, చట్టంలో ఉంది. ఒకప్పుడు శవాన్ని కిలోల లెక్కన తూచి కార్గో చార్జీ కట్టించుకునేవారు. పెట్టెతో సహా తూకం. ఆ పద్ధతి మీద గల్ఫ్ అంతటా ఏళ్ల తరబడి గొడవ చేస్తే 2019 జనవరిలో ఎయిర్ ఇండియా యూఏఈ నుంచి పెద్దవాళ్లకు 1,500 దిర్హాములు, పన్నెండేళ్లలోపు పిల్లలకు 750 అని ఒకే రేటు పెట్టింది. ఈ నేల మీద మన సంఘాలు సాధించిన పనుల్లో నేను అన్నిటికంటే ఎక్కువ మెచ్చుకునేది అదే. బతుకమ్మ పాటల పోటీల కంటే ఎక్కువ.

ఇంతకంటే బరువైన పని ఒకటుంది, ఇంటికి చెప్పడం. మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు ఊళ్లో ఉన్న మగవాళ్లలో నెమ్మదస్తుడికి చెబుతాం. అతను మనిషిని పంపి, ఇంట్లో నలుగురు చేరాక భార్యకు చెప్పాలి. ఇది వాట్సాప్ రాకముందు పద్ధతి. ఇప్పుడు పోలీసులు రూములోకి రాకముందే ఎవడో ఫొటో తీసి గ్రూపులో పెడతాడు. ఒకసారి చనిపోయినవాడి భార్యే నాకు ఫోను చేసింది. "అన్నా, దవాఖానల ఉన్నడని చెప్తున్రు అందరు. ఫొటో జూసిన నేను. నిజం జెప్పు." అలాంటప్పుడు అబద్ధం ఆడకూడదని నా నిర్ణయం. నిజం చెప్పి, ఫోను పెట్టకుండా, ఎవరైనా ఆమె పక్కన కూర్చునేదాకా లైన్‌లోనే ఉంటాను.

ఆ తర్వాత సంతకం గొడవ. శవాన్ని ఎవరికి అప్పగించాలి, ఇక్కడ కాగితాలు చూసే అధికారం ఎవరికి ఇస్తున్నారు అన్నది దగ్గరి వారసులు రాసి పంపాలి. పెళ్లయినవాడికి భార్య. ఊళ్లో అది అంత సులువుగా తేలదు. అన్న ముందుకొస్తాడు. "అప్పు నేనే కడ్తున్న. పైసలేమన్న వస్తే నా ఖాతాల ఎయ్యమని రాయి అన్నా." అప్పు అతనే తెచ్చి ఉంటాడు, అబద్ధం కాదు. కానీ గ్రాట్యుటీ లెక్క వేరు. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ పైన ఏడాదికి 30 రోజులది. పనిలో ప్రమాదం వల్ల పోతే దానికితోడు 24 నెలల బేసిక్ జీతం పరిహారం. అది 18,000 దిర్హాములకు తగ్గకూడదు, 2 లక్షలు దాటకూడదు. ఇదంతా చట్టపు వారసులది. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, దాని అరబ్బీ తర్జుమా, దాని మీద ముద్రలు, ఇవన్నీ కావాలి. అందుకే భార్యతో నేరుగా మాట్లాడేదాకా ఏ కాగితం మీదా పేరు రాయను. "ఆడమనిషి, ఆమెకేం తెల్సు" అన్న పెద్దమనిషితో వాదనకు దిగను. ఆమె సంతకం లేనిదే ఫైల్ కదలదని చెప్పి ఊరుకుంటాను.

బీమా గురించి కూడా ఊళ్లో సగం తెలిసిన మాటలు తిరుగుతుంటాయి. పదో తరగతి పాసవనివాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. అతను గల్ఫ్‌తో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అనుమతి తీసుకోవాలి, దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉండాలి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవిటివాడైనా 10 లక్షలు. నిద్రలో గుండె ఆగినవాడికి ఆ 10 లక్షలు రావు, అది ప్రమాదం కాదు కాబట్టి. విజిట్ వీసా మీద పంపే ఏజెంటు ఈ అనుమతినే తప్పించుకుంటాడు, దాంతో 275 రూపాయల పాలసీ కూడా ఉండదు. లక్షన్నర, రెండు లక్షలు ఏజెంటు చేతిలో పోసినవాడికి ఆ చిన్న చీటీ సంగతి ఎవరూ చెప్పి ఉండరు. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో పోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తోంది. దానికీ ఇక్కడి మరణ ధ్రువపత్రం, రద్దయిన పాస్‌పోర్టు కావాలి. శవంతో వచ్చిన కాగితాల కవరును దినాల హడావుడిలో పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు.

చావు కాని ఆపదలు చప్పుడు లేకుండా వస్తాయి. ఒక కంపెనీ మూడు నెలలు జీతాలివ్వలేదు. మెస్ బంద్ అయింది, క్యాంపుకు కరెంటు పోయే రోజు దగ్గరపడింది. అప్పుడు కార్మికులు చేసే మొదటి పని బయట పని వెతుక్కుంటూ క్యాంపు వదలడం. నేను వద్దని మొత్తుకునేది అదే. జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న పద్ధతి 2009 నుంచి ఉంది, రాలేదంటే కార్మికశాఖ రికార్డుల్లో కనిపిస్తుంది. క్యాంపులోనే ఉండి ఫిర్యాదు చేస్తే మనవైపు బలం ఉంటుంది. గేటు దాటాక యజమాని పరారీ రిపోర్టు పెడితే, జీతం ఎగ్గొట్టినవాడు ఫిర్యాదుదారుడవుతాడు, జీతం రానివాడు ముద్దాయి అవుతాడు. పాస్‌పోర్టు కంపెనీ లాకర్‌లో ఉంచుకోవడం ఇక్కడి చట్టానికి విరుద్ధం, అడిగి తీసుకోవచ్చు. అడిగేవాడేడీ? 2018లో, మళ్లీ 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా క్షమాభిక్ష ఇచ్చినప్పుడు దేశం దాటడానికిచ్చే ఔట్‌పాస్ కోసం వరసలో నిలబడ్డ మనవాళ్లలో చాలామంది కథ ఇదే. నేరం చేసి దాక్కున్నవాళ్లు కాదు, జీతం అడగడం చేతగాక గేటు దాటినవాళ్లు.

కరోనా గురించి ఎక్కువ రాయను. 2020లో ఆ జబ్బుతో పోయినవాళ్లను ఇంటికి పంపలేకపోయాం. జబల్ అలీ శ్మశానంలో దహనమై అస్థికలుగా ఇంటికి చేరినవాళ్లున్నారు, ఇక్కడే ఖననమైనవాళ్లున్నారు. మే నెలలో చిక్కుకున్నవాళ్లను తీసుకెళ్లే వందేభారత్ విమానాలు మొదలయ్యేదాకా తల్లి పోయినా కొడుకు కదలలేని రోజులవి. 2024 ఏప్రిల్ 16 వాన ఇంకోరకం. 1949 నుంచి ఉన్న రికార్డుల్లో అంత వాన లేదన్నారు. అల్ ఐన్ దగ్గర ఒక్కచోట 254 మిల్లీమీటర్లు పడింది. ఎయిర్‌పోర్టు రన్‌వేల మీద నీళ్లు. మా క్యాంపు కింది అంతస్తులో మంచాల కింద ట్రంకుపెట్టెలు తేలాయి, అందులో కొందరి పాస్‌పోర్టులు. తడిసి ముద్దయిన పాస్‌పోర్టులను ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టబోయినవాళ్లను ఆపడం ఆ రోజు నా ముఖ్యమైన పని. చెడిపోయిన పాస్‌పోర్టుకు కొత్తది ఇస్తారు, కాల్చిన పాస్‌పోర్టుకు వంద ప్రశ్నలు అడుగుతారు.

సాయం చేసేవాళ్లలో రకాలున్నాయి. సొంత టాక్సీ ఖర్చుతో మార్చురీకి వచ్చి, మలయాళీ శవానికైనా తెలుగు శవానికైనా ఒకేలా సంతకాలు చేయించే కేరళ సామాజిక కార్యకర్తలను చూసి నేను ఈ పని నేర్చుకున్నాను. పెట్టె పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్లిపోయే మన నాయకులనూ చూశాను. "ఎంబసీలో మనోళ్లున్నరు" అని కుటుంబం దగ్గర డబ్బు గుంజేవాళ్లు వీళ్లందరికంటే అన్యాయం. కాన్సులేట్‌లో మరణం నమోదు చేయించడానికి మధ్యవర్తి అక్కర్లేదు. ఎవరైనా డబ్బడిగితే వాడు దొంగ, అంతే.

గల్ఫ్‌కు మనిషిని పంపుతున్న ఇంటివాళ్లను నేను కోరేది ఒకటే. పాస్‌పోర్టు, వీసా, బీమా పాలసీ కాపీలు, కంపెనీ పూర్తి పేరు, క్యాంపు ఉన్న చోటు, పక్క మంచం వాడి ఫోను నంబరు, ఇవన్నీ భార్య దగ్గర ఉండనివ్వండి. ఏజెంటు దగ్గరో అన్న ఫోనులోనో ఉంటే చాలదు. పెళ్లికి ముందు తీసిన పాస్‌పోర్టులో భార్య పేరు ఉండదు, మళ్లీ తీయించేటప్పుడైనా చేర్పించండి. విజిట్ వీసా మీద పనికి పంపవద్దు. యూఏఈలో ఉన్నవాడి ఫోనులో 998, 999లతో పాటు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం నంబరు ఉండాలి. అది 80046342. ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు, ఫోను ఖర్చు ఉండదు.